నలగని బండి ఎవరిని నలుపుతుంది?

నారాయణపట్న జీపు స్టాండులోనూ, కొండ దిగి పార్వతీపురం వచ్చాక మెకానిక్ షెడ్లలోనూ, సాలూరు లారీ ఆఫీసుల ముందూ ఒకే మాట వినిపిస్తుంది. "పాత బండి మాస్టారూ, అంతా ఇనుం. గుద్దినా దీనికేటవదు. ఇప్పుడొస్తున్నవన్నీ రేకు డబ్బాలు, బొటనవేలితో నొక్కితే సొట్ట." ఈ మాటకు చదువుతో నిమిత్తం లేదు. విశాఖపట్నంలో కొత్త కారు కొనడానికి షోరూముకెళ్లిన ఇంజనీరు కూడా ముందు బానెట్ మీద వేలి కణుపులతో కొట్టి చూస్తాడు. చప్పుడు పల్చగా వస్తే పెదవి విరుస్తాడు. ప్రమాదం ఫొటోలు ఫోన్లలో తిరిగినప్పుడు తీర్పులు కూడా సిద్ధంగా ఉంటాయి. ముందు భాగం పచ్చడైన కారుకు "ఏం కంపెనీరా ఇది" అని, గీత పడని కారుకు "అదీ బండంటే" అని. లోపల కూర్చున్నవాళ్లు ఏమయ్యారో ఆ ఫొటోల్లో కనబడదు. అడిగేవాళ్లూ తక్కువే.

ఈ అభిప్రాయం పూర్తిగా తలకిందులైనది. ఢీకొన్నప్పుడు ముందు భాగం నలగని బండి తన పని చెయ్యని బండి. నిజానికి ఇది కొత్త విషయమేమీ కాదు. మన ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో "పని, శక్తి, సామర్థ్యం" అనే అధ్యాయంలో అభిఘాతాల గురించి కొన్ని పేజీలుంటాయి. ఏటా లక్షల మంది పిల్లలు అక్కడి లెక్కలు తప్పులేకుండా చేసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ పిల్లలే పెద్దవాళ్లయి బానెట్ మీద కణుపులతో కొట్టి చూస్తున్నారు. లెక్క చేతికొచ్చింది కానీ బుర్రకెక్కలేదు. దానికి పిల్లల్ని తప్పుపట్టి లాభం లేదు, చెప్పిన తీరే అలాంటిది. ఆ సంగతికి తరవాత వస్తాను.

ముందు ఎదుటివాడి వాదనలో ఉన్న నిజాన్ని ఒప్పుకోవాలి. గట్టి బండి మీద మోజు ఊరికే పుట్టలేదు. లక్ష్మీపూర్ వైపు ఎక్కినా, బంధుగాం వైపు వెళ్లినా, సుంకి ఘాటు మీదుగా పొట్టంగికి పోయినా బండికి రోజూ తగిలేవి చిన్న దెబ్బలు. రాయి తగులుతుంది, మేక అడ్డొస్తుంది, మలుపులో ఎదురొచ్చిన ట్రాక్టరు తొట్టి రాసుకుపోతుంది. అలాంటి దెబ్బలకు ప్లాస్టిక్ బంపరు పగిలితే వేలు వదులుతాయి, ఇనప బంపరైతే సుత్తితో సరిచేసుకోవచ్చు. గంటకు పది కిలోమీటర్ల వేగంతో తగిలే దెబ్బకు గట్టి బండి లాభమే, ఖర్చు మిగులుతుంది. చిక్కంతా ఆ అనుభవాన్ని యాభైకి, అరవైకి లాక్కుపోవడంలో వస్తుంది. పది దగ్గర నడిచే ప్రశ్న రిపేరు ఖర్చుది. యాభై దగ్గర నడిచేది ప్రాణాల ప్రశ్న.

లెక్క చూద్దాం. మనుషులతో కలిపి 2,400 కిలోల బొలెరో ఒకటి గంటకు 54 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 15 మీటర్లతో వస్తోంది అనుకోండి. రోడ్డు మీద ఆగి ఉన్న 600 కిలోల ఆటోను గుద్దింది. రెండూ ఒకదానిలో ఒకటి చిక్కుకుని కలిసి కదిలాయి. పుస్తకం దీన్నే పూర్తి అస్థితిస్థాపక అభిఘాతం అంటుంది. ద్రవ్యవేగంలో పిసరంత కూడా పోదు. గుద్దడానికి ముందు 36,000 ఉంది, తరవాతా 36,000 ఉండాలి. మొత్తం బరువు 3,000 కిలోలయింది కాబట్టి జంట వేగం సెకనుకు 12 మీటర్లు. ఇక్కడ ఎవరి బేరాలూ చెల్లవు. బండి ఏ కంపెనీది, ఏ ఇనుముతో చేసింది, డ్రైవరు ఎంత నేర్పరి అన్నవి ఈ సమీకరణంలోకి రానే రావు.

గతిజశక్తి లెక్క వేరు. ముందున్నది 2,70,000 జూళ్లు. తరవాత మిగిలింది 2,16,000. తక్కిన 54,000 జూళ్లు రేకు మడతల్లోకి, అద్దం ముక్కల్లోకి, వేడిలోకి, చప్పుడులోకి పోయాయి.

ఇప్పుడు తిరగేసి చూడండి. బొలెరో ఆగి ఉంది, ఆటోయే సెకనుకు 15 మీటర్ల వేగంతో వచ్చి గుద్దింది. ద్రవ్యవేగం 9,000. కలిసి కదిలే వేగం 3 మీటర్లు. మొదటి శక్తి 67,500 జూళ్లు, చివరికి మిగిలింది 13,500. పోయింది మళ్లీ అదే 54,000. ఎవరు ఎవర్ని గుద్దారన్నది పోలీసు కేసుకు కావాలి, ఇన్సూరెన్సు వాళ్లకు కావాలి. ఇనుముకు అక్కర్లేదు. ఇలా చిక్కుకుపోయినప్పుడు, ఒకదానికొకటి ఎంత వేగంతో దగ్గరయ్యాయి, వాటి బరువులెంత అన్న రెండే పోయే శక్తిని నిర్ణయిస్తాయి. "మనం గుద్దితే మనకేం కాదు, మనల్ని గుద్దితేనే ప్రమాదం" అని ఘాటు రోడ్డు డ్రైవర్లు కొందరు నమ్మే సూత్రం ఈ ఒక్క లెక్కతో కూలిపోతుంది.

ఇక అసలు విషయం. "గట్టి బండి" వాదాన్ని దాని చివరి మెట్టు దాకా తీసుకుపోదాం. రెండు బండ్లూ అస్సలు నలగవనుకోండి. ఉక్కు గుండ్లలా తగిలి, శక్తిలో ఒక్క జూలు కూడా పోకుండా విడిపోయాయి. మన మెకానిక్ కలలు కనే లోకం అదే. అప్పుడు ఆటో సెకనుకు 24 మీటర్ల వేగంతో, అంటే గంటకు 86 కిలోమీటర్లతో ముందుకు ఎగిరిపోతుంది. బొలెరో వేగం 15 నుంచి 9కి పడుతుంది. నలిగిన లెక్కలో ఆటోలోని మనుషుల వేగం 12 మీటర్ల మేర మారింది, నలగని లెక్కలో 24. బొలెరోలో వాళ్లకు మొదట 3 మీటర్ల మార్పు, రెండోసారి 6. ఇద్దరికీ కుదుపు సరిగ్గా రెట్టింపయింది. బండ్లకు గీత పడలేదు, నిజమే. లోపలి మెడలకూ పక్కటెముకలకూ రెట్టింపు దెబ్బ తగిలింది. శక్తి "నష్టపోవడం" అనే దాన్ని తీసేస్తే మనిషికి దక్కేది ఇదీ.

ఈ విషయాన్ని న్యూటన్ చేత్తో తాకి చూశాడు. లోలకాలకు బంతులు కట్టి ఒకదాన్నొకటి గుద్దించి, తగిలే ముందు వేగానికీ విడిపోయే వేగానికీ ఉన్న నిష్పత్తిని కొలిచి ప్రిన్సిపియాలో రాశాడు. గట్టిగా బిగించిన ఉన్ని ఉండలకు 9 పాళ్లు దగ్గరైతే 5 పాళ్లు విడిపోయాయి, గాజుకు 16కి 15. మన పుస్తకాల్లో ప్రత్యావస్థాన గుణకం అని కనిపించేది ఈ నిష్పత్తే. దాన్ని వర్గం చేస్తే శక్తి సంగతి తేలుతుంది. దగ్గరయ్యే చలనంలోని శక్తిలో ఉన్ని దాదాపు 69 శాతం మింగేసింది, గాజు 12 శాతమే మింగింది. గాజు గొప్పగా ప్రవర్తించిందని మార్కులు వెయ్యాలనిపిస్తే, తల పెట్టి కొట్టుకోవాల్సి వచ్చినప్పుడు ఈ రెంటిలో ఏ గోడను ఎంచుకుంటారో చెప్పండి.

పోయిన శక్తి ఎక్కడికి పోయిందన్న తగవు యూరప్‌లో చాలా ఏళ్లు నడిచింది. లైబ్నిజ్ 1716లో, న్యూటన్ పక్షాన నిలబడ్డ క్లార్క్‌తో ఉత్తరాల్లో వాదిస్తూ, ఆ శక్తి నశించదనీ, వస్తువులోని చిన్నచిన్న భాగాల మధ్య చెదిరిపోతుందనీ, పెద్ద నాణేన్ని చిల్లరగా మార్చినట్టు అనీ అన్నాడు. నాకు ఆ పోలిక ఎంతో ఇష్టం. ప్రమాదంలో జరిగేది అదే, పెద్ద నోటు చిల్లరవుతుంది. మారక తప్పదు, తప్పించే ఉపాయం లేదు. ఆ చిల్లర ఎవరి జేబులో పడుతుందన్నదే మన చేతిలో ఉన్న ఏకైక ప్రశ్న. రేకు జేబులోనా, పక్కటెముకల జేబులోనా?

ఇంటర్మీడియట్ పిల్లలందరికీ తెలిసిన చెక్క దిమ్మె లెక్క ఉంది కదా, తూటా వచ్చి వేలాడుతున్న దిమ్మెలో దిగబడుతుంది, దిమ్మె ఎంత ఎత్తు లేచింది అని అడుగుతారు. దాన్ని కనిపెట్టినవాడు బెంజమిన్ రాబిన్స్. 1742లో ఫిరంగుల మీద రాసిన పుస్తకంలో దాన్ని వివరించాడు. తరవాత ఈస్టిండియా కంపెనీ కోటల పనికి ఇంజనీరుగా మన తీరానికొచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడు. నలభై గ్రాముల గుండు పాతిక కిలోల దిమ్మెలో దిగితే గుండు శక్తిలో వెయ్యింట రెండు వంతులు కూడా మిగలదు. అంత నష్టం మధ్య కూడా ద్రవ్యవేగం చెక్కుచెదరదన్న ధైర్యంతోనే అతడు గుండు వేగాన్ని కొలవగలిగాడు. మనం మాత్రం ఆ లెక్కలో దిమ్మె ఎత్తు కనుక్కుని, "శక్తి నష్టం 99.8 శాతం" అని ఒక వరుస రాసి, పేజీ తిప్పేస్తాం. ఆ 99.8 శాతం చెక్కను చీల్చి, కాల్చి, గుండును ఆపిందనీ, దిమ్మె వెనక నిలబడ్డవాడు బతికింది అందుకేననీ పరీక్షలో ఎవరూ అడగరు. పోటీ పరీక్షల కోచింగులో ఈ "నష్టం" కేవలం ఒక జవాబు, ఎ బి సి డిల్లో ఒకటి.

బండి దగ్గరికే మళ్లీ వద్దాం. సెకనుకు 15 మీటర్ల వేగంతో పోతున్న మనిషి కదలని కొండరాయిని తగిలి ఆగాలి. బండి ముందు భాగం నలిగి, బెల్టు పట్టుకుని, అన్నీ కలిసి 60 సెంటీమీటర్ల దూరంలో ఆగితే అతడి మీద పడేది సగటున భూమ్యాకర్షణకు 19 రెట్లు. బాధే, కానీ చాలామంది బతుకుతారు. అదే వేగం నుంచి 10 సెంటీమీటర్లలో ఆగితే 115 రెట్లు. బెల్టు లేనివాడి సంగతి ఇంకా అన్యాయం. బండి ఆగిపోయినా అతడు మునుపటి వేగంతోనే ముందుకు పోయి డ్యాష్‌బోర్డుకు తగులుతాడు. అతడు ఆగే దూరం అతడి సొంత ఛాతీ మందమే.

ఈ ఆలోచనను కారులోకి తెచ్చినవాడు మెర్సిడెస్ ఇంజనీరు బేలా బరేన్యీ. మధ్య గది గట్టిగా ఉండాలి, ముందూ వెనకా నలగాలి అన్నాడు. 1950ల మొదట్లో పేటెంటు తీసుకున్నాడు, 1959లో ఆ పద్ధతిలో కట్టిన కారు మార్కెట్‌కు వచ్చింది. మనం పూజించే అంబాసిడర్ దానికి ముందుతరం ఆలోచన. ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ రూపంతో 1950ల చివర్లో ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో మొదలై 2014 దాకా నడిచింది. అందంలో, జ్ఞాపకాల్లో దాని చోటును ఎవరూ తీసుకోలేరు, నేనూ ఆ సీట్లో కునుకు తీసినవాణ్ణే. కానీ ప్రాణరక్షణ కథలు దానికి తగిలించకండి.

"పాత ఇనుం" వాదానికి నేరుగా జవాబిచ్చిన పరీక్ష ఒకటుంది. 2009లో అమెరికాలోని హైవే భద్రతా బీమా సంస్థ తన యాభై ఏళ్ల పండగకు 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌ను 2009 షెవర్లే మాలిబుకు ఎదురెదురుగా, కొంచెం పక్కకు జరిపి, గంటకు 64 కిలోమీటర్లతో గుద్దించింది. బరువులు దగ్గర దగ్గరే. చూస్తే పాతది ఓడలా ఉంటుంది, ఇనుం అంటే అదీ అనిపిస్తుంది. దాని ముందు భాగం నలగాల్సిన చోట నలగక, నలగకూడని మధ్య గది కుప్పకూలింది. స్టీరింగ్ వెనక్కి దూసుకొచ్చి బొమ్మ మనిషి మీద పడింది. నిజం మనిషైతే బతికేవాడు కాదని తేల్చారు. కొత్త దానిలో మనిషికైతే కాలికి దెబ్బతో పోయేది.

బరువును నమ్ముకున్నవాళ్లకు మన దేశపు ఉదాహరణ చాలు. 2016లో, కార్లను గుద్దించి నక్షత్రాలిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో ఎయిర్‌బ్యాగులు లేని స్కార్పియోకు పెద్దవాళ్ల రక్షణలో ఒక్క నక్షత్రం కూడా రాలేదు. లాడర్ ఫ్రేము ఉంది, ఎత్తుంది, బరువుంది, రోడ్డు మీద గద్దింపు ఉంది. 2022లో అదే కంపెనీ స్కార్పియో ఎన్‌కు అయిదు నక్షత్రాలొచ్చాయి. మధ్యలో ఇనుం లావైనందువల్ల వచ్చిన మార్పు కాదది. శక్తిని ఎక్కడ, ఏ క్రమంలో, ఎంత దూరంలో ఖర్చు పెట్టాలో లెక్కలు వేసి కట్టినందువల్ల వచ్చింది. ఎయిర్‌బ్యాగు కూడా చేసే పని ఇదే, ఆగే దూరాన్ని కొన్ని సెంటీమీటర్లు పెంచడం.

ఇక్కడ తెలివైన ప్రతివాది ఒక మాట అంటాడు, అనాలి కూడా. "మీ లెక్కలోనే బొలెరోలో వాళ్లకు 3 మీటర్ల కుదుపు, ఆటోలో వాళ్లకు 12. అంటే బరువైన బండే కదా కాపాడింది?" అవును. చిన్నదానితో తగిలినప్పుడు పెద్దది తన వాళ్లను కాపాడుకుంటుంది. ఆ లాభాన్ని అవతలి బండిలోని మనుషుల దగ్గర్నుంచి తీసుకుంటుంది. నారాయణపట్న రోడ్డు మీద అవతలి వాడెవడు? సంతకు పసుపు, చింతపండు మోసుకొస్తున్న ఆటోవాడు, పాత స్కూటరు మీద ముగ్గురు, లేదా నడిచే మనిషి. అంతేకాక ఆ లాభం కూడా ఒక్క చోటే దక్కుతుంది. చెట్టుతో, కొండరాయితో, వంతెన గోడతో తగిలితే మీ బరువు మీకు ఏ సాయమూ చెయ్యదు. బరువు పెరిగితే ఖర్చు చెయ్యాల్సిన శక్తి కూడా అదే పాళ్లలో పెరుగుతుంది. అవతలి బండి కూడా మీదంత బరువున్నదైతే లాభం సున్నా. అందరూ బరువు పెంచుకుంటూ పోతే ఎవరికీ ఏమీ మిగలదు, నడిచేవాడికి చావు తప్ప.

ముందు బిగించే ఇనప గార్డుల సంగతి చెప్పకపోతే ఈ చర్చ సగమే. మన వైపు జీపుకు అదొక మీసం లాంటిది. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ ఇవి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనుకు విరుద్ధమని, తీయించాలని రాష్ట్రాలకు రాసింది. షెడ్లలో ఇప్పటికీ నవ్వుతారు: "పశువు అడ్డొస్తే సర్కారొచ్చి కాస్తుందా?" పశువుకు గార్డు పనికొస్తుంది, కాదనను. కానీ గట్టి దెబ్బ తగిలినప్పుడు అది శక్తిని నలిగే భాగాలకు కాక తాను బిగించిన నాలుగు బోల్టుల చోటికి, అక్కణ్ణుంచి ఫ్రేముకు, ఫ్రేము నుంచి సీటుకు నేరుగా పంపిస్తుంది. ఎయిర్‌బ్యాగు ఉన్న బండిలో అయితే ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పే సెన్సారు లెక్కనే తప్పించగలదు. ఎదురొచ్చిన మనిషి తొడకూ తుంటికీ తగిలేది బానెట్ మెత్తదనం కాదు, గొట్టం.

హెల్మెట్ గురించీ ఇదే అపోహ. పైన చిప్ప గట్టిగా ఉంటే చాలు అనుకుంటారు. కాపాడేది లోపలి థర్మకోల్, ఒకసారి నలిగితే దాని పని అయిపోయింది. లోపల ఏమీ లేని సగం టోపీ పెట్టుకుని చెక్‌పోస్టు దాటేవాడు గాజు గోడను ఎంచుకున్నట్టే.

రైళ్ల దగ్గర ఈ లెక్కలు ఇంకా కఠినం. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగ బజార్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ గంటకు 128 కిలోమీటర్ల వేగంతో లూప్ లైనులోకి మళ్లి, ఇనుప ఖనిజంతో నిండి ఆగి ఉన్న గూడ్సును గుద్దింది. 290 మందికి పైగా పోయారు, మన తీరం వైపు వస్తున్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. గూడ్సు ఖనిజంతో బరువుగా ఉండటం వల్లే దెబ్బంతా కోరమండల్ మీద పడిందని రైల్వే అధికారులు చెప్పారు. కదలని బరువును తగిలితే ఉన్న శక్తంతా దాదాపు అక్కడే ఖర్చు కావాలి. ఆ మాట నిజమే. అందుకే నేనంటున్నది, ఎదుటివాడి నలగనితనం మనకెంత ఖరీదో ఇంతకన్నా ఎవరు చెబుతారు?

కానీ ఒక చిన్న లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. దాదాపు 40 టన్నుల పెట్టె ఒకటి ఆ వేగంతో పోతుంటే దానిలోని గతిజశక్తి రెండున్నర కోట్ల జూళ్లు. వినడానికి భయంకరంగా ఉంది. ఒక లీటరు డీజిలులో ఉన్న శక్తి మూడున్నర కోట్ల జూళ్లకు పైమాటే. పెట్టెను చీల్చి, మెలితిప్పి, ఒకదాని మీదికి ఒకటి ఎక్కించిన ఆ శక్తి ముప్పావు లీటరు డీజిలుకు సరిపోదు. ప్రతి స్టేషనులోనూ ఆ రైలు ఇంత శక్తినీ బ్రేకుల్లో వేడిగా "నష్టపోయి" నెమ్మదిగా ఆగుతుంది, మనం టీ తాగుతూ కూర్చుంటాం. తేడా ఒక్కటే, ఆగే దూరం. కిలోమీటరు పొడవునా ఖర్చయితే టీ ఒలకదు. మీటర్లలో ఖర్చయితే పెట్టె చీలుతుంది. శక్తి పోవడం ప్రమాదం అనే చూపు ఎంత తప్పో ఇక్కడ తెలుస్తుంది. రోజూ రైలు నడిచేది శక్తి పోగొట్టుకుంటూనే.

మన ప్రాంతానికి ఇంకా దగ్గరిది 2023 అక్టోబరు 29 సాయంత్రం కంటకాపల్లి, అలమండ మధ్య జరిగింది. విశాఖపట్నం నుంచి పలాస వెళ్తున్న పాసింజరును అదే దారిలో వెనకాల వస్తున్న విశాఖపట్నం, రాయగడ పాసింజరు గుద్దింది. 14 మంది చనిపోయారు. కొండ ఎక్కే మా వాళ్లకు రాయగడ పాసింజరు చుట్టంలాంటిది, పార్వతీపురంలో దిగితే అక్కణ్ణుంచి జీపు. తప్పెవరిదన్న వాదన నా పని కాదు, అది చాలాచోట్ల చాలామంది చేశారు. నా కంటబడింది ప్రాథమిక విచారణ వార్తల్లో వచ్చిన ఒక నిబంధన. పనిచెయ్యని ఆటోమేటిక్ సిగ్నలు దగ్గర రెండు నిమిషాలు ఆగి, తరవాత గంటకు పది కిలోమీటర్లకు మించకుండా పోవాలి. పది అంటే ప్రయాణికులకు విసుగు. కానీ అరవైతో వచ్చే రైలులోని శక్తికి పదితో వచ్చే రైలులోని శక్తి ముప్పై ఆరో వంతు. ఆ నిబంధన రాసినవాడు ఇనుము గట్టిదనాన్ని నమ్మలేదు, వేగపు వర్గాన్ని నమ్మాడు.

రైళ్లు గుద్దుకోకుండా ఆపే కవచ్ వ్యవస్థ చేసేదీ అదే. 2022 మార్చి 4న వికారాబాద్ దారిలో గుల్లగూడ, చిట్టిగిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఎక్కిన ఇంజను ఎదురుగా ఉన్న మరో ఇంజనుకు 380 మీటర్ల దూరంలో తనంతట తానే ఆగింది. పోవాల్సిన శక్తంతా పోయింది, బ్రేకుల్లో.

శక్తిని కావాలనే పోగొట్టాలన్న మాట వింటే ఆనకట్టల ఇంజనీర్లు నవ్వుతారు, వాళ్లకిది రోజూ పని. స్పిల్‌వే మీంచి దూకే నీటి శక్తిని కింద కావాలనే కొల్లగొట్టడానికి తొట్లు కడతారు. అక్కడ నీరు ఎగిరి నురగలు కక్కి నెమ్మదించేటప్పుడు పనిచేసేది కూడా ఇదే గణితం, ద్రవ్యవేగం లెక్కలోనే ఉంటుంది, శక్తి పోతుంది. శ్రీశైలం దిగువన నీరు దూకే చోట ఏర్పడ్డ గొయ్యి గురించి ఏళ్లతరబడి ఆందోళన ఎందుకు? ఖర్చు కావాల్సిన శక్తి కోరిన చోట కాక అడుగు రాళ్లలో ఖర్చయినందుకు. నారాయణపట్న పక్కనే పారి కిందికి దిగే ఝంజావతి కూడా చిన్న మెట్టు దాటినప్పుడల్లా ఇలాగే తన శక్తిని పోగొట్టుకుంటూ దిగుతుంది, లేకపోతే కింద ఒడ్డు నిలవదు.

మళ్లీ రోడ్డు మీదికి వద్దాం. "ఎదురెదురుగా అరవైతో అరవై గుద్దుకుంటే గోడను నూట ఇరవైతో గుద్దినట్టు" అన్నది చదువుకున్నవాళ్ల అపోహ. రెండూ ఒకే రకం బండ్లయితే, తగిలిన చోటే రెండూ ఆగిపోతాయి, ఒక్కోదానికి గోడను అరవైతో గుద్దినట్టే. శక్తి రెట్టింపు నిజమే, కానీ నలగడానికి ముందు భాగాలు కూడా రెండున్నాయి. లెక్క వినగానే "అయితే ఎదురెదురు పర్లేదన్నమాట" అని ఒక కుర్రాడు నాతో అన్నాడు. అరవైతో గోడను గుద్దడం ఎలా ఉంటుందో అతడికెవరూ చెప్పలేదు కాబోలు.

చివరి అభ్యంతరం మాత్రం నాకు నిజంగా బరువైనది. "మాస్టారూ, మీ నలిగే ముందు భాగం, బెల్టు, బ్యాగు లోపల కూర్చున్నవాడికి. మా జీపులో లోపల పన్నెండు మంది, పైన పదిమంది, వెనక వేలాడేవాళ్లు నలుగురు. మీ లెక్క వాళ్లకేం చేస్తుంది?" ముందు భాగం నలిగే దూరం వాళ్లకు పనికిరాదు, ఒప్పుకుంటాను. జీపు ఆగినప్పుడు పైనున్నవాడు ఆగడు, అతడు గాలిలోంచి రోడ్డు మీదికి తన వేగంతోనే పోతాడు. కానీ ఆ అభ్యంతరం గట్టి బండి వాదానికి బలం చేకూర్చదు, పైపెచ్చు దాన్ని ఇంకాస్త దిగజారుస్తుంది. పైనున్నవాడి విషయంలో బండి గట్టిదా మెత్తదా అన్న ప్రశ్నే లేదు. అతడికి మిగిలింది వేగం ఒక్కటే. నలభై నుంచి ఇరవై ఎనిమిదికి తగ్గిస్తే శక్తి సగానికి పడిపోతుంది. పన్నెండు కిలోమీటర్ల తగ్గింపుకు సగం ప్రమాదం తీసేసే పరికరం ఏ షెడ్డులోనూ దొరకదు, ఏ ఇనప గార్డూ ఇవ్వదు. అంతకన్నా మేలైనది, వాళ్లు పైకెక్కకుండా చూడటం. సంత రోజు సాయంత్రం తిరుగు బస్సు ఒకటి అదనంగా వేస్తే పైకప్పు మీది పదిమంది సీట్లలోకి వస్తారు. ఆర్టీవో ఆఫీసు ఇనప గార్డు తీయించే రోజునే ఆ బస్సు సంగతి కూడా అడగడం న్యాయం.